అడవి మొక్కల ఫోటోలు, వివరాలు అందరికీ కనిపించే డేటాబేస్‌లో పెట్టవచ్చా? ఏది పెట్టాలి, ఏది దాచాలి?

ప్రశ్న క్లుప్తంగా ఇది: "రాజంపేట దగ్గర ఒక ఊళ్ళో టీచర్‌ని. ఆరేళ్ళుగా శేషాచలం అంచు కొండల్లో తీసిన మొక్కల ఫోటోలు రెండు వేలకు పైగా ఉన్నాయి. ఊళ్ళో పెద్దవాళ్ళు చెప్పిన పేర్లు, వాడకాలు రాసుకున్న నోటు పుస్తకం కూడా ఉంది. అన్నీ ఆన్‌లైన్‌లో పెడదామనుకుంటే మొక్కలు తవ్వుకుపోతారని కొందరు, మన వైద్యాన్ని కంపెనీలు కొట్టేస్తాయని కొందరు భయపెడుతున్నారు. అసలు నా ఫోటోల వల్ల ఎవరికైనా ఉపయోగం ఉంటుందా?"

మేడమ్ గారూ, ముందు సూటిగా చెప్పేస్తాను. ఫోటోలు పెట్టండి. అరుదైన మొక్కలు ఉన్న చోటు దాచండి. నోటు పుస్తకంలోని వాడకాలు మాత్రం ఇప్పుడే పెట్టొద్దు. మూడింటికీ కారణాలు వేరు కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తున్నాను, ఓపిక చేసుకుని చదవండి. నేను డిగ్రీ కాలేజీలో బోటనీ చెప్పి రిటైరయ్యాను. పదేళ్ళకు పైగా ఈ పని చేస్తున్నాను. చేసిన తప్పులు కూడా దాచకుండా చెప్తాను, మీకు వాటి అవసరమే ఎక్కువ.

ఉపయోగం ఉంటుందా అన్నారు. కోపెన్‌హాగెన్ కేంద్రంగా 2001 నుంచి నడుస్తున్న జీబిఫ్ అనే అంతర్జాతీయ సంస్థ ఉంది. ప్రపంచంలోని మ్యూజియంలు, ఎండబెట్టిన మొక్కల్ని భద్రపరిచే హెర్బేరియంలు, మీలాంటి నాలాంటి వాళ్ళు నమోదు చేసినవన్నీ ఒకే రూపంలో అక్కడికి చేరతాయి. ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చు. మొత్తం రికార్డులు 200 కోట్లు ఎప్పుడో దాటాయి, కానీ అందులో సింహభాగం పక్షులదే. పక్షి ఎగిరితే తలెత్తి చూస్తాం, మొక్కను తొక్కుకుంటూ పోతాం, అంతే తేడా. ఆ మ్యాపు తెరిచి చూడండి. పశ్చిమ కనుమల మీద చుక్కలు చీమల బారులా ఉంటాయి, మన తూర్పు కనుమల వైపు వచ్చేసరికి పలచబడిపోతాయి. మన దగ్గర మొక్కలు లేక కాదు, రాసినవాళ్ళు లేక. ఆరేళ్ళ పాటు ఒకే కొండ చుట్టూ తిరిగి తీసిన ఫోటోలంటే మామూలు విషయం అనుకోకండి. ఒకసారి వచ్చి వారం రోజులు తిరిగి వెళ్ళే పరిశోధకుడికి ఏ నెలలో ఏది పూస్తుందో, ఏ ఏడు పూయలేదో తెలియదు. మీ ఫోన్లో ఉన్నది అదే.

ఎక్కడ పెట్టాలంటే, మీకు రెండు దారులున్నాయి. ఒకటి ఐనాచురలిస్ట్ అనే వెబ్‌సైటు, దానికి యాప్ కూడా ఉంది. 2008లో అమెరికాలోని బర్క్‌లీలో ముగ్గురు విద్యార్థులు మాస్టర్స్ ప్రాజెక్టుగా మొదలుపెట్టారు, ఇప్పుడు స్వతంత్ర లాభాపేక్షలేని సంస్థ. రెండోది మన ఇండియా బయోడైవర్సిటీ పోర్టల్, అదీ 2008లోనే వచ్చింది. రెండూ మంచివే. ఒకే ఫోటోను రెండు చోట్లా పెట్టకండి, లెక్కలో ఒక మొక్క రెండు మొక్కలవుతుంది. నేను ఐనాచురలిస్ట్ వాడతాను. గుర్తుపట్టేవాళ్ళు అక్కడ ఎక్కువమంది ఉంటారు, పైగా అక్కడ రీసెర్చ్ గ్రేడ్ వచ్చినవి, అంటే మొక్క పేరు మీద చూసినవాళ్ళకు ఏకాభిప్రాయం కుదిరినవి, లైసెన్స్ సరిగ్గా ఉంటే వాటంతట అవే జీబిఫ్‌కు వెళ్తాయి. కింద చెప్పేవి ఎక్కువగా దాని గురించే.

ఇక అసలు విషయం. ఫేస్‌బుక్‌లో పెట్టే పువ్వు ఫోటోకూ డేటాబేస్‌లో పెట్టే రికార్డుకూ ఒక్కటే తేడా. రికార్డు కోర్టులో సాక్ష్యం లాంటిది. మిమ్మల్ని ఎరగనివాడు, ముప్పై ఏళ్ళ తర్వాత, ఇంకో దేశంలో కూర్చుని "ఈవిడ చెప్పింది నిజమేనా" అని పరీక్షించుకోగలగాలి. దానికి ఎవరు చూశారు, ఎప్పుడు, ఎక్కడ, ఏ ఆధారంతో అన్నవి కావాలి. ఫోటో అందంగా లేకపోయినా నష్టం లేదు. తేదీ తప్పితే మాత్రం అది చెత్తబుట్టలోకే.

మన వాళ్ళ రికార్డుల్లో తేదీని ఎక్కువగా తినేసేది వాట్సాప్. కెమెరాతో తీసిన ఫోటో లోపల తేదీ, టైము, లొకేషన్ ఆన్‌లో ఉంటే అక్షాంశ రేఖాంశాలు కూడా దాగి ఉంటాయి. ఆ ఫోటోను వాట్సాప్‌లో ఎవరికైనా పంపి తిరిగి సేవ్ చేసుకుంటే ఆ వివరాలన్నీ పోతాయి, ఫోటో కూడా కుంచించుకుపోతుంది. ఫైలు పేరులో 20190812 అని కనిపించినా అది వాట్సాప్‌లో వచ్చిన రోజు, మొక్కను చూసిన రోజు కాకపోవచ్చు. కాబట్టి మీ రెండు వేలల్లో కెమెరా ఫోల్డర్‌లో ఉన్న అసలు ఫోటోలను ముందు వేరు చేసి, కంప్యూటర్లోకి ఒక కాపీ, హార్డ్ డిస్క్‌లోకి ఒక కాపీ పెట్టుకోండి. ఇది అయ్యాకే మిగతాది. ఫోన్ బావిలో పడేసుకున్నవాణ్ణి నేను.

లొకేషన్ దగ్గర జరిగే తమాషాలు ఇంకా ఎక్కువ. తిరుమల ఉజ్జాయింపుగా 13.68 ఉత్తర అక్షాంశం, 79.35 తూర్పు రేఖాంశం. టైపు చేసేటప్పుడు ఈ రెండూ తారుమారయ్యాయనుకోండి, చుక్క ఎక్కడ పడుతుందో తెలుసా? ఉత్తర ధ్రువానికి దగ్గర్లో, నార్వే వాళ్ళ స్వాల్‌బార్డ్ దీవుల్లో. ఎర్రచందనం మంచుకొండల మధ్య మొలిచినట్టు! ఇది నయం, చూసినవాడు నవ్వుకుని దిద్దుతాడు. దిద్దడానికి దొరకని తప్పు ఇంకోటుంది. పాత నోట్సులో 13 డిగ్రీల 41 నిమిషాలు, 79 డిగ్రీల 21 నిమిషాలు అని ఉంటే దాన్ని అలాగే 13.41, 79.21 అని కొట్టేస్తారు. నిమిషాలను అరవైతో భాగించాలి కదా. ఇలా కొడితే చుక్క ముప్పై కిలోమీటర్లకు పైగా నైరుతికి జరిగిపోతుంది. అక్కడా కొండలే, అక్కడా ఆ మొక్క ఉండొచ్చు అనిపిస్తుంది, ఎవరికీ అనుమానం రాదు. మా విద్యార్థుల ప్రాజెక్టు రిపోర్టుల్లో ఈ తప్పు ఎన్నిసార్లు చూశానో లెక్క లేదు.

పాత ఫోటోలకు లొకేషన్ లేకపోతే ఊహించి పిన్ను గుచ్చకండి. "ఫలానా కోన దారిలో ఎక్కడో" అన్నదే మీకు గుర్తుంటే, ఆ దారి అంతా పట్టేలా రెండు మూడు కిలోమీటర్ల వృత్తం గీయండి. అక్యురసీ అని ఒక గడి ఉంటుంది, అది దానికోసమే. మూడు కిలోమీటర్లని నిజాయితీగా రాసింది పనికొస్తుంది, పది మీటర్లని రాసిన అబద్ధం ఎవరినో తప్పుదారి పట్టిస్తుంది.

ఫోటోల గురించి. అందరూ పువ్వును పైనుంచి తీస్తారు. మొక్కను గుర్తుపట్టేవాడికి కావాల్సింది చాలాసార్లు పువ్వు పక్క భాగం, ఆకు వెనకవైపు, ఆకు కాండానికి ఎలా అతుక్కుందో, చెట్టయితే బెరడు. ఒక ఉదాహరణ. మన కొండల్లో సాంబ్రాణి జాతులు రెండున్నాయి. అందుగు చెట్టు దేశంలో చాలాచోట్ల ఉంటుంది, దాని చిట్టి ఆకుల అంచు రంపపు పళ్ళలా ఉంటుంది. శేషాచలానికే పేరుపడ్డ బాస్వెల్లియా ఓవాలిఫోలియోలాటా ఉంది చూశారూ, మనం కొండగుగ్గిలం అంటాం, దాని ఆకుల అంచు నున్నగా ఉంటుంది. దూరం నుంచి చెట్టంతా పట్టేలా తీసిన ఫోటోలో ఈ తేడా కనపడదు. ఒక్క ఆకును అరచేతిలో పెట్టుకుని అంచు కనిపించేలా తీస్తే పని అయిపోతుంది. చెయ్యి పక్కన ఉంటే సైజు కూడా తెలుస్తుంది.

యాప్ చూపించే పేరును నమ్మొద్దు. నమ్మొద్దంటే పూర్తిగా కాదు, అది నేర్చుకున్నది తనకు దొరికిన ఫోటోల నుంచే. ప్రపంచమంతా ఉన్న మొక్కలకు వేల ఫోటోలుంటాయి, మన కొండకు మాత్రమే పరిమితమైన మొక్కకు పట్టుమని పది ఉండవు. అందుకని మొగి చెట్టును చూపిస్తే నేరేడు అంటుంది. రెండూ ఒకే ప్రజాతి, అంటే దగ్గరి చుట్టాలైన జాతుల గుంపు, కాబట్టి పాపం దాని తప్పేం లేదు. కానీ నేరేడు ఆకులు ఎదురెదురుగా ఉంటాయి, మొగి ఆకులు గుండ్రంగా వెడల్పుగా ఉండి మారుమారుగా కూడా వస్తాయి. దాని శాస్త్రీయ నామంలోని ఆల్టర్నిఫోలియం అన్న మాటకు అర్థం అదే. మీకు గట్టిగా తెలియకపోతే సిజీజియం అని ప్రజాతి దగ్గరే ఆపేయండి. తెలియదని ఒప్పుకున్న రికార్డు ఎవరో ఒకరి కంటపడి ముందుకు పోతుంది. తప్పు పేరు పెట్టింది ఆ తప్పు పేరు కిందే ఏళ్ళ తరబడి పడుంటుంది.

ఇక్కడ మన వాళ్ళకు మాత్రమే ఉన్న ఒక జబ్బు గురించి చెప్పాలి. ఐనాచురలిస్ట్‌లో రీసెర్చ్ గ్రేడ్ రావాలంటే కనీసం ఇద్దరు ఒకే జాతి పేరు చెప్పాలి, పేరు చెప్పినవాళ్ళలో మూడింట రెండు వంతుల కన్నా ఎక్కువమంది ఒప్పుకోవాలి. ఇద్దరూ విడివిడిగా చూసి నిర్ణయించారన్న నమ్మకం మీద ఈ పద్ధతి నిలబడింది. మన దగ్గర ఏమవుతుందంటే, సార్ పేరు పెట్టారు కదా అని శిష్యులు వరసగా అగ్రీ నొక్కేస్తారు. ఏడెనిమిదేళ్ళ కిందట నేను అనంతపురం వైపు రోడ్డు పక్కన జిల్లేడు ఫోటో పెట్టి కాలోట్రోపిస్ జైగాంటియా అని రాశాను. ఆరుగురు పిల్లలు అరగంటలో అగ్రీ కొట్టారు. రీసెర్చ్ గ్రేడ్ అయిపోయింది. నాలుగేళ్ళ తర్వాత ఎవరో ముక్కూ మొహం తెలియని కుర్రాడు "పువ్వును జూమ్ చేసి చూడండి సార్" అని రాశాడు. చూశాను. రేకులు నిక్కబొడుచుకుని ఉన్నాయి, ఒక్కో రేకు కొనన ముదురు ఊదా మచ్చ. అది జిల్లేడులోనే ఇంకో జాతి, ప్రొసెరా. జైగాంటియాకు రేకులు వెనక్కి విచ్చుకుంటాయి, కొనన ఆ మచ్చ ఉండదు. ఇది నేను ముప్పై ఏళ్ళు క్లాసులో చెప్పిన పాఠమే! రోడ్డు పక్కన జిల్లేడే కదా అని సరిగ్గా చూడలేదు. ఆ ఆరుగురూ మొక్కను చూడలేదు, నన్ను చూశారు. అప్పటి నుంచి నా విద్యార్థులకు ఒకటే రూలు పెట్టాను. పేరు ఎందుకు ఒప్పుకుంటున్నావో ఒక్క వాక్యం రాయలేకపోతే అగ్రీ నొక్కకు.

నాటిన మొక్కల సంగతి చిన్నదే గానీ ముఖ్యం. ఎర్రచందనం సహజంగా పెరిగేది మన నాలుగైదు జిల్లాల కొండల్లోనే. కానీ రైతులు తోటలు వేశారు, ఆఫీసుల ముందూ కాలేజీల్లోనూ నాటారు. హైదరాబాద్‌లో ఒక ఆవరణలో నాటిన చెట్టును అడవి మొక్కగా నమోదు చేస్తే దాని సహజ ఆవాసం హైదరాబాద్ దాకా పాకినట్టు మ్యాపు చూపిస్తుంది. "నాటినది" అని టిక్కు పెట్టే చోటు ఉంటుంది, మర్చిపోవద్దు. బడి ఆవరణలో మీరు పెంచినవన్నీ ఆ టిక్కుతోనే.

ఇప్పుడు మీ మొదటి భయం, తవ్వుకుపోవడం. భయం నిజమే. వియత్నాంలో పాఫియోపెడిలం కాన్హీ అనే ఆర్కిడ్‌కు 2010లో పేరు పెట్టారు. సంగతి బయటికి పొక్కిన కొద్ది నెలల్లోనే వ్యాపారులు ఆ చోటును ఊడ్చేశారు. అంత దూరం ఎందుకు, నా సంగతే చెప్తాను. ఒక ఏడాది అనుమతి తీసుకుని ఒక బృందంతో కొండ మీదికి వెళ్ళినప్పుడు, రాతి పగుళ్ళ పక్కన కొండ కొత్తిమీర గుంపు కనపడింది. పింపినెల్లా తిరుపతియెన్సిస్, పేరులోనే తిరుపతి ఉంది. ఆ ఉత్సాహంలో ఇంటికి రాగానే అక్షాంశ రేఖాంశాలతో సహా పెట్టేశాను. మరుసటి ఏడు వానలు పడ్డాక మళ్ళీ వెళ్తే ఆ చోట గుంటలు. జానెడు లోతు, అంచులు ఇంకా పచ్చిగానే ఉన్నాయి. దుంప కోసం తవ్వారు. ఒక గుంట అంచున వాడిన ఆకు పడి ఉంటే తీసి నలిపాను, ఇంకా వాసన వస్తోంది. నా రికార్డు చూసే వచ్చారని చెప్పలేను, దుంపలు తవ్వేవాళ్ళకు నా రికార్డు అక్కర్లేకుండానే అడవి తెలుసు. కాదని కూడా చెప్పలేను. ఆ రాత్రి ఇంటికొచ్చి అప్పటిదాకా పెట్టిన అరుదైన మొక్కలన్నిటికీ చోటు దాచేశాను.

దాచడం సులువే. జియోప్రైవసీ అనే చోట అబ్‌స్క్యూర్డ్ అని ఎంచుకుంటే, దాదాపు 20 కిలోమీటర్ల పైచిలుకు పొడవూ వెడల్పూ ఉన్న గడిలో ఎక్కడో ఒకచోట చుక్క పడుతుంది. అసలు చోటు మీకు, మీరు నమ్మి అనుమతి ఇచ్చినవాళ్ళకు మాత్రమే కనిపిస్తుంది. తేదీలో కూడా బయటివాళ్ళకు నెల, సంవత్సరం మాత్రమే తెలుస్తాయి. అంతరించే ప్రమాదంలో ఉన్నట్టు జాబితాకెక్కిన చాలా జాతులకు సైటే దానంతట అది దాస్తుంది. కానీ జాబితాకెక్కనివి మన దగ్గర బోలెడు. పెట్టిన తర్వాత చోటు దాగిందో లేదో వేరే ఫోన్లో, లాగిన్ కాకుండా తెరిచి చూసుకోండి.

దాచినా బయటపడే దారులున్నాయి. వివరణలో "ఫలానా తీర్థం మెట్ల పక్కన" అని మీరే రాసేస్తారు. ఫోటోలో వెనకాల ఊరందరికీ తెలిసిన రాతిగుండు కనిపిస్తుంటుంది. అన్నిటికన్నా మోసపోయేది ఇంకోటి. అదే రోజు ఉదయం పదింటికి తీసిన తంగేడు, పదీ ఇరవైకి తీసిన పులికంప అసలు చోట్లతో కనిపిస్తుంటే, మధ్యలో దాచిన మొక్క ఎక్కడుందో లెక్క కట్టడం ఎంతసేపు? అందుకే అరుదైనదాన్ని చూసిన రోజు మిగతా మొక్కల్ని నేను నెల రోజులాగి పెడతాను, కొన్నిటికి చోటు కూడా దాస్తాను.

అన్నీ దాచెయ్యాలా అంటే, వద్దు. ఈ విషయంలో నాకూ మా స్నేహితులకూ గొడవ. కొందరు అసలు ఏదీ బయట పెట్టొద్దంటారు. వాళ్ళ బాధ అర్థమవుతుంది. కానీ క్వారీ కోసమో రోడ్డు కోసమో సర్వే జరిగినప్పుడు "ఈ ప్రాంతంలో చెప్పుకోదగ్గ వృక్షజాతులు లేవు" అని రాసేయడం చాలా తేలిక, కాదనడానికి రికార్డు లేనప్పుడు. మనం దాచిన మొక్క ఉన్నట్టు ఎవరికీ తెలియకపోతే, అది పోయినట్టు కూడా ఎవరికీ తెలియదు. కాబట్టి జాతి ఉందన్నది బయట పెట్టి, చోటు గడి వరకు మాత్రమే చూపించడం నాకు సరైన దారిగా తోచింది. మామూలు మొక్కలకైతే మీటరు తేడా లేకుండా చోటు ఇచ్చెయ్యండి. కలుపు మొక్కలకైతే ఇంకా మంచిది. వయ్యారిభామ, పులికంప, సర్కారు తుమ్మ ఏ ఏడు ఎంత దూరం పాకాయో చెప్పేది ఆ చుక్కలే. వాటిని ఎవడైనా తవ్వుకుపోతే దండేసి దండం పెడదాం.

ఎర్రచందనం గురించి తప్పకుండా అడుగుతారు కాబట్టి చెప్తున్నాను. దొంగలకు ఆ చెట్లు ఎక్కడున్నాయో మనకన్నా బాగా తెలుసు. చోటు దాచండి, కానీ మీ ఫోటో వల్లే చెట్టు పోతుందని నిద్ర మానుకోవద్దు. పేరిత సంగతి వేరు. సైకస్ బెడ్డోమీ అంటే అదే. ఖర్జూరం చెట్టుకు తమ్ముడిలా ఉంటుంది, మన కొండలు దాటి ఇంకెక్కడా సహజంగా పెరగదు. ఆడా మగా వేరు వేరు మొక్కలు. మగ మొక్క కంకిని మందుకోసం కోసుకుపోతారు. అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటిస్ ఒప్పందంలో కట్టుదిట్టమైన మొదటి అనుబంధంలో ఉంది. 1972 నాటి మన వన్యప్రాణి చట్టం రక్షించే కొద్దిపాటి మొక్కల్లో అదొకటి. దాన్ని కోయడం, పెకలించడం, దగ్గర ఉంచుకోవడం నేరం. ఫోటో తీస్తే ఆడదా మగదా, కంకి ఉందా లేదా రాయండి. చోటు మాత్రం పూర్తిగా దాచండి. నేషనల్ పార్కు లోపలికి అనుమతి లేకుండా వెళ్ళొద్దు, పరిశోధన కోసమే అయినా ఆకు కూడా తుంచొద్దు. మీరు టీచరు, పిల్లలు మీ వెనకాలే వస్తారు.

రెండో భయం, నోటు పుస్తకం. ఇది ఇంకా లోతైన వ్యవహారం. మొక్క ఎవరి సొత్తూ కాదు, ఫోటో మీది. కానీ "ఈ వేరును ఇలా నూరి ఇన్ని రోజులు ఇవ్వాలి" అన్నది చెప్పినవాళ్ళది. ఒక యానాది పెద్దాయనతో తిరిగేవాణ్ణి. దారిలో ప్రతి మొక్కకూ పేరు చెప్పేవాడు, ఫోటో తీస్తుంటే నవ్వుతూ కొమ్మ వంచి పట్టుకునేవాడు. ఒక చోట మాత్రం ఆగి, "ఫోన్ లోపల పెట్టు సామీ" అన్నాడు. పెట్టాను. ఆయన ఆ వేరు తవ్వుకుని, మట్టి మళ్ళీ కప్పి, పాదంతో అదిమి, అప్పుడు "ఇంక పద" అన్నాడు. ఆ మొక్క ఏమిటో నాకు తెలుసు. ఎక్కడా రాయలేదు, ఇక్కడ కూడా రాయను.

పసుపు కథ మీరు వినే ఉంటారు. గాయాల మీద పసుపు వాడకానికి 1995లో అమెరికాలో పేటెంటు ఇచ్చారు. మన కేంద్ర ప్రభుత్వ పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్ పాత గ్రంథాల్లోని ఆధారాలు చూపించి 1997లో రద్దు చేయించింది. దీన్ని పట్టుకుని "చూశారా, రాసి పెట్టుకుంటేనే రక్షణ" అని కొందరంటారు. నిజమే, రాసి ఉన్నదాని మీద పేటెంటు నిలబడదు. కానీ రాసి అందరి ముందూ పెడితే ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, చెప్పినవాళ్ళకు పైసా రాదు. అందుకే సీఎస్ఐఆర్ 2001లో మొదలుపెట్టిన సంప్రదాయ జ్ఞాన డిజిటల్ లైబ్రరీని కూడా జనం కోసం తెరిచి పెట్టలేదు, ఒప్పందం మీద పేటెంటు ఆఫీసులకు చూపిస్తూ వచ్చింది. ప్రభుత్వమే అంత జాగ్రత్త పడినప్పుడు మనం ఒక్క క్లిక్కుతో పెట్టేస్తామా?

మరి నోటు పుస్తకం ఏం చెయ్యాలి? 2002 నాటి జీవవైవిధ్య చట్టం ప్రకారం పంచాయతీ స్థాయిలో జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉండాలి. ఆ ఊరి మొక్కలు, జంతువులు, వాటి గురించిన తెలివిని ప్రజా జీవవైవిధ్య రిజిస్టరులో రాయడం దాని పని. చాలా ఊళ్ళలో అది కాగితం మీదే ఉందని నాకూ తెలుసు. ఒకటికి రెండుసార్లు పంచాయతీ ఆఫీసుకు వెళ్ళి అడగండి, రిజిస్టరు చూపించమనండి. అందులో ఎక్కించే ముందు చెప్పిన ప్రతి మనిషి దగ్గరికీ వెళ్ళి, ఏది రాయొచ్చు ఏది వద్దు అని విడివిడిగా అడగండి. ఒకసారి ఊ అన్నారు కదా అని మొత్తం పుస్తకానికి ఊ అన్నట్టు కాదు. మనిషి పోయి ఉంటే పిల్లల్ని అడగండి.

వాడకాలు పెట్టొద్దనడానికి ఇంకో కారణం ప్రాణభయం. అడవి నాభి పువ్వు ఎంత అందంగా ఉంటుందో దుంపలో అంత విషం, కాల్చిసిన్ అనేది. "దీన్ని ఫలానా నొప్పికి వాడతారు" అని ఒక్క ముక్క రాస్తే, చదివినవాడు మోతాదు అడగడు, పెరట్లో తవ్వి నూరేసుకుంటాడు. కరోనా రోజుల్లో తిప్పతీగ కషాయం తాగి కాలేయం దెబ్బతిన్న కేసులు వైద్య పత్రికల్లోకి ఎక్కినప్పుడు, తాగింది అసలు తిప్పతీగేనా దాన్ని పోలిన, అదే టినోస్పోరా ప్రజాతిలోని ఇంకో తీగా అన్నదే పెద్ద చర్చ అయింది. తీగ చూసి తీగ అనుకునేవాళ్ళే ఎక్కువ.

ఆ నోటు పుస్తకంలోనే మీరు ధైర్యంగా బయట పెట్టగలిగింది ఒకటుంది, పేర్లు. ఇక్కడ మీరు చేయగలిగినది ఏ శాస్త్రవేత్తా చేయలేడు. 1780లలో వృక్షశాస్త్రవేత్త రాక్స్‌బర్గ్ సామర్లకోటలో కూర్చుని మొక్కల బొమ్మలు గీయించినప్పుడు పక్కన తెలుగు పేర్లు రాయించుకున్నాడు. మన తంబుగై చెట్టుకు ఆయన పెట్టిన శాస్త్రీయ నామం షోరియా టంబగ్గాయా. ఇప్పటికీ ప్రపంచమంతా ఆ తెలుగు మాటనే వంకరగా పలుకుతోంది. అంత ఘనమైన ఆరంభం ఉన్న భాషలో ఇవాళ ఐనాచురలిస్ట్‌లో చాలా మొక్కలకు తెలుగు పేరు గడి ఖాళీ. పేరు ఎక్కించేటప్పుడు ఎక్కడి పేరో కూడా పరిశీలన కింద రాయండి, "రాజంపేట వైపు" అని. ఎందుకంటే బ్రహ్మదండి అంటే ఒక ఊళ్ళో పసుపు పూల ఆర్జిమోన్, ఇంకో ఊళ్ళో నీలి బంతుల ఎకైనాప్స్. రెండూ ముళ్ళవే, రెండు ఊళ్ళూ కరెక్టే. పుస్తకాల్లోంచి పేర్లు ఎత్తి రాయకండి. మీ చెవిన పడినవే రాయండి.

లైసెన్సు గురించి రెండు ముక్కలు. ఖాతా తెరవగానే వచ్చేది సాధారణంగా పేరు చెప్పి, వ్యాపారం కాని పనులకు వాడుకోవచ్చనే క్రియేటివ్ కామన్స్ లైసెన్సు. అలా వదిలేసినా జీబిఫ్‌కు వెళ్తుంది. "సర్వహక్కులు నావే" అని పెడితే వెళ్ళదు. తెలుగు వికీపీడియాలో కూడా మీ ఫోటోలు రావాలనుకుంటే వ్యాపార నిషేధం తీసేసి, పేరు చెప్తే చాలు అన్న లైసెన్సు ఎంచుకోవాలి. నేను అదే పెట్టాను. నా తుమ్మి పువ్వు ఫోటోతో ఎవరైనా క్యాలెండరు వేసుకుంటే వేసుకోనీ.

రెండు వేలూ ఒక్కసారి కుమ్మరించకండి. గుర్తుపట్టేవాళ్ళు జీతం లేకుండా చేసేవాళ్ళు, విసిగిపోతారు. వారానికి పాతిక ముప్పై చాలు. మీరు పది పెట్టినప్పుడల్లా ఇతరులవి ఓ ఐదు చూసి పేరు చెప్పండి, మీకే ముందు వస్తుంది చూపు. బడి పిల్లల చేత విడివిడిగా ఖాతాలు తెరిపించకండి, పదమూడేళ్ళ లోపు పిల్లలకు తల్లిదండ్రుల అనుమతి లేకుండా కుదరదు. మీ ఖాతాలోనే పెట్టండి, పిల్లల ముఖాలు ఫోటోలో పడకుండా చూడండి. కొండ దాకా పోకుండా ముందు బడి గోడ వెంబడి ఉన్న ఉత్తరేణి, గుంటగలగర, పల్లేరు, తుమ్మితో మొదలుపెట్టండి. మొదటి పది పెట్టాక ఇక్కడే కింద రాయండి, వచ్చి చూస్తాను. వెంటనే అగ్రీ మాత్రం నొక్కను. ముందు ఆకు వెనకవైపు ఫోటో ఏదని అడుగుతాను.